గాజు తలుపు బయట అమ్మానాన్న

పెదనాన్న ఉండేది తెనాలిలో. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. అమ్మాయి ఆయన తమ్ముడి కూతురు, గుంటూరులో స్పీచ్ థెరపిస్టు. పేచీ హైదరాబాదులో ఉన్న మనవడి గురించి. వాడికి రెండేళ్ళ ఐదు నెలలు. ఇంగ్లీషులో ఇరవై దాకా అంకెలు గడగడా అప్పజెబుతాడు. దాహమేస్తే మాత్రం నోరు విప్పడు, వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు. వారానికి రెండుసార్లు వాణ్ణి ఒక క్లినిక్కుకి తిప్పుతున్నారు. అది మాన్పించి, పిల్లాణ్ణి ఆరు నెలలు తెనాలి తెచ్చి పెట్టుకుంటానని పెద్దాయన పట్టు. వీల్లేదని ఈవిడ. ఇద్దరిలో ఎవరూ తగ్గే రకం కాదు.

పెదనాన్న: ముందు ఒక్క మాట చెప్పమ్మా. మా చిన్నతనంలో మా ఊరికి స్పీచ్ థెరపిస్టు అనేవాడు లేడు. అయినా ఊరంతా మాట్లాడింది. రచ్చబండ దగ్గర ఒక్కడి నోరు మూయించలేక చచ్చేవాళ్ళం. ఇప్పుడు రెండేళ్ళ పిల్లాడు మాట్లాడకపోతే జబ్బంటారు. రేపు అల్లరి చెయ్యకపోతే దానికీ ఒక క్లినిక్కు తెరుస్తారు.

అమ్మాయి: ఊరంతా మాట్లాడలేదు పెదనాన్నా. మాట్లాడనివాళ్ళని మీరు లెక్కలో వేసుకోలేదు. ప్రతి ఊళ్ళోనూ గేదెలు కాసుకునే 'మూగోడు' ఒకడుండేవాడు. వాడి అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. వాళ్ళలో చాలామందికి గొంతులో ఏ లోపమూ లేదు. పుట్టుకతో వినపడలేదు, అంతే. వినపడని మాట నోటికి ఎలా వస్తుంది? చూసేవాళ్ళు లేక మూగవాళ్ళయ్యారు.

పెదనాన్న: ఉండేవాడులే, మా వెనక వీధిలో. ఒప్పుకున్నా. కానీ మావాడికి ఆ బాధ లేదు. చెవులు సుబ్బరంగా ఉన్నాయి.

అమ్మాయి: పరీక్ష చేయించారా?

పెదనాన్న: పరీక్షెందుకు? మొన్న వాడు అటు తిరిగి ఆడుకుంటుంటే మీ పెద్దమ్మ స్టీలు పళ్ళెం గచ్చు మీద పడేసింది. ఉలిక్కిపడి ఇటు చూశాడు.

అమ్మాయి: పళ్ళెం చప్పుడుకు ఎవరైనా చూస్తారు. ఇంట్లో మనం మాట్లాడుకునే మామూలు మాట యాభై, అరవై డెసిబెల్సు ఉంటుంది. పళ్ళెం పడ్డ మోత అంతకు చాలా పైన. ఓ మాదిరి వినికిడి లోపం ఉన్న పిల్లాడు కూడా దానికి తల తిప్పుతాడు. తిప్పి, మీ మాటని మాత్రం ముక్కలు ముక్కలుగా వింటాడు. ఇంకో రకం ఉంది, అది మరీ మోసం. తలుపు దబ్బున పడటం, లారీ మోత, మీలాంటి బొంగురు గొంతు అన్నీ వినపడతాయి. స, శ లాంటి సన్నటి శబ్దాలు వినపడవు. ఆ పిల్లాడికి 'సీత' అన్నా 'ఈత' అన్నా ఒకటే. పిలిస్తే పలుకుతాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. ఇదీ కాకపోతే, జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరి నెలల తరబడి ఉండిపోయే పిల్లలున్నారు. నొప్పుండదు, చీము కారదు, వినికిడి మాత్రం తగ్గుతుంది. క్లినిక్కు వాళ్ళు ఈ పరీక్ష అడగలేదా?

పెదనాన్న: ఫారం నింపించారు. పది నిమిషాలు వాడి వంక చూశారు. 'ఆటిజం లక్షణాలు' అన్నారు. ఇరవై నాలుగు సెషన్ల ప్యాకేజీకి డబ్బు కట్టించుకున్నారు. చెవి మాటెత్తలేదు.

అమ్మాయి: చెవి చూడకుండా స్పీచ్ థెరపీ మొదలెట్టారా! ఆ క్లినిక్కు మాన్పించండి. ఆ ఒక్క విషయంలో నేనూ మీ వైపే.

పెదనాన్న: హమ్మయ్య. ఇక వాదనేముంది?

అమ్మాయి: చాలా ఉంది. మీరు థెరపీనే మాన్పించమంటున్నారు. నేను ఆ క్లినిక్కు ఒక్కదాన్నే మాన్పించమంటున్నా. రెంటికీ చాలా దూరం. ముందు వాడికి ఓఏఈ, బేరా చేయించాలి. ఓఏఈ అంటే చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చూస్తారు, నిమిషాల్లో అయిపోతుంది. బేరా పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు. తలకి ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దం చెవి నరం దాటి మెదడు వైపు సరిగ్గా వెళ్తోందా లేదా చూస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. అసలు ఇది పుట్టిన నెలలోపే చూడాల్సింది. నెలకి స్క్రీనింగు, మూడు నెలలకి నిర్ధారణ, ఆరు నెలలకల్లా చెవి మెషీనో థెరపీనో మొదలవ్వాలని లెక్క. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా వినికిడి లోపంతో పుడతారు.

పెదనాన్న: సరే, చేయిస్తాం. బాగుందని వస్తే? అప్పుడైనా వాణ్ణి వాడి మానాన వదిలేస్తారా? వాళ్ళ మేనమామకి మూడేళ్ళు దాటాకే మాటలొచ్చాయి. ఇవాళ బెంగుళూరులో మేనేజరు. ఐన్‌స్టీన్ కూడా ఆలస్యంగానే మాట్లాడాడట.

అమ్మాయి: ఐన్‌స్టీన్ లేకుండా ఈ వాదన ఒక్క ఇంట్లోనూ ముగియదు! ఆయన ఆలస్యంగా మాట్లాడిన మాట నిజమే. అయితే తన తల్లిదండ్రులు కంగారుపడి డాక్టరుకు చూపించారని కూడా ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. 'వదిలేద్దాం, అదే వస్తుంది' అని వాళ్ళు కూర్చోలేదు. పైగా, ఆలస్యంగా మాట్లాడి ఐన్‌స్టీన్ కానివాళ్ళ లెక్క ఎవరు రాశారు పెదనాన్నా?

పెదనాన్న: కానీ సర్దుకునేవాళ్ళూ ఉన్నారు కదా. లేరను!

అమ్మాయి: ఉన్నారు. నేనెందుకు దాస్తాను? రెండేళ్ళకి మాట రాకపోయినా, చెవి బాగుండి, ఆట బాగుండి, చెప్పింది అర్థమవుతూ ఉన్న పిల్లల్లో చాలామంది బడికెళ్ళే వేళకి తోటివాళ్ళని అందుకుంటారు. చిక్కెక్కడంటే, ఏ పిల్లాడు అందుకుంటాడో, ఎవడు వెనకబడిపోతాడో రెండేళ్ళప్పుడే కచ్చితంగా చెప్పే పరీక్ష లేదు. అందుకని గుర్తులు చూస్తాం. ఏడాదికి చూపుడు వేలుతో చూపిస్తున్నాడా? పదహారు నెలలకి ఒక్క మాటైనా ఉందా? రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలుపుతున్నాడా? 'అమ్మ దా', 'బువ్వ వద్దు', 'కాకి పోయె' ఇలాంటివి. అప్పజెప్పే అంకెలు, రైములు ఇందులోకి రావు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చిన మాట పోయిందా? అది ఏ వయసులో జరిగినా ఆగకూడదు. మీ మనవడు ఆకాశంలో విమానం పోతుంటే వేలు చూపించి, మీరూ చూశారో లేదోనని వెనక్కి తిరిగి మీ మొహంలోకి చూస్తాడా?

పెదనాన్న: ... చెయ్యి పట్టుకుని లాగుతాడు. వేలు చూపించగా నేను చూడలేదు.

(ఇక్కడ ఆయన గొంతు తగ్గింది. పాఠకులు ఈ ప్రశ్నని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్ళ కోసం చెయ్యి లాగడం వేరు, విమానాన్ని ఇంకొకరితో కలిసి చూడాలనుకోవడం వేరు. మాట కంటే ముందొచ్చేది ఈ రెండోది.)

అమ్మాయి: అంతమాత్రాన ఆటిజం అని నేననడంలేదు. పది నిమిషాలు చూసి ఎవరూ అనకూడదు. ఎం-చాట్ అని ఇరవై ప్రశ్నలతో ఒకటుంది, పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లలకి. అది కూడా వడపోతే, తీర్పు కాదు. దాని తర్వాత డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ చూడాలి, సైకాలజిస్టు చూడాలి. పేరు ఏదైనా తేలనీ, తేలకపోనీ, వాడితో పని మొదలెట్టడానికి ఆ పేరు కోసం ఆగక్కర్లేదు. ఇప్పటిదాకా ఇంట్లో మీరేం చేశారో చెప్పండి.

పెదనాన్న: మీ పెద్దమ్మ వసకొమ్ము అరగదీసి నాకించింది. నాలుక కింద నరం అడ్డమొచ్చిందేమో కోయిద్దామని కూడా అంది. నేనే వద్దన్నాను.

అమ్మాయి: వద్దని మంచిపని చేశారు. నాలుక కింద పొర బిగుసుకుంటే పాలు తాగడం కష్టమవ్వచ్చు, ఒకటి రెండు అక్షరాలు సరిగా పలక్కపోవచ్చు. మాటలే రాకపోవడం దానివల్ల కాదు. వస సంగతి మాత్రం పెద్దమ్మకి నేనే చెబుతా. వాగుడుకాయని వసపిట్ట అంటామని వస పోస్తే మాటలొచ్చేస్తాయా? అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. దాని భయంతోనే అమెరికాలో 1968లో వసని తినే పదార్థాల్లో వాడకూడదన్నారు. పసిపిల్లలకి వాంతులైన సంగతులూ ఉన్నాయి.

పెదనాన్న: సరే, వస వద్దు, కోత వద్దు. ఇప్పుడు నా మాట విను. ఆ క్లినిక్కులో ఏం జరుగుతుందో నేను కళ్ళారా చూశా. గాజు తలుపు. లోపల వాడూ, ఇరవై రెండేళ్ళ పిల్లా. బయట కుర్చీల్లో అమ్మా నాన్నా, ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ. నలభై ఐదు నిమిషాలకి తలుపు తెరిచి 'టుడే హి వాజ్ గుడ్' అని అప్పజెప్పింది. ఏం చేసిందో చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. వారానికి గంటన్నర! మిగతా వారమంతా ఆయా దగ్గర, టీవీ ముందర. అదే మా ఇంట్లో అయితే పొద్దున పాలవాడి నుంచి రాత్రి పక్కింటి వాళ్ళ దాకా మనుషులే మనుషులు. చందమామని చూపిస్తూ అన్నం పెట్టేవాళ్ళున్నారు. తారంగం ఆడించేవాళ్ళున్నారు. మాట మనుషుల మధ్య వస్తుందమ్మా, గాజు గదిలో రాదు.

అమ్మాయి: మీరు ఇప్పుడు చెప్పింది మా వృత్తిలో యాభై ఏళ్ళ నాటి పాఠం. 1975లో కెనడాలో హానెన్ అని ఒక పద్ధతి మొదలైంది. థెరపిస్టు నేర్పాల్సింది పిల్లాడికి మాత్రమే కాదు, తల్లిదండ్రులకి కూడా అని. వారానికి గంటన్నర చూసే నేను ఎక్కడ, స్నానం, అన్నం, నిద్ర అన్నీ చూసే వాళ్ళెక్కడ? తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేసుకునే థెరపీ మీద నాకు నమ్మకం లేదు. కానీ పెదనాన్నా, మనుషులుంటే చాలదు. మీ ఇంట్లో పిల్లాడికి మాట అవసరమే రాదు.

పెదనాన్న: అదేం మాట?

అమ్మాయి: పెద్దమ్మ చేగోడీల డబ్బా తీస్తుంది. వాడు అటు చూసేలోపే గుప్పెడు తీసి చేతిలో పోస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మన నాయనమ్మలు అడక్కముందే పెడతారు. నేనైతే ఒక్క చేగోడీ ఇస్తాను. మూత బిగించి డబ్బా వాడి చేతికే ఇస్తాను. వాడు తీయలేడు. తిప్పుతాడు, కింద కొడతాడు, మూత కొరుకుతాడు. అప్పుడొకసారి నా మొహంలోకి చూస్తాడు. ఈ తతంగమంతా ఆ చూపు కోసమే. నేను నోరు మూసుకుని మనసులో పది లెక్కపెడతాను. పెద్దవాళ్ళకి ఆ పది ఎంత కష్టమో రోజూ చూస్తుంటా. మూడు దగ్గరే 'ఏం కావాలి నాన్నా? చేగోడీనా? అను, చే-గో-డీ అను!' అని మీద పడిపోతారు. అనిపించకూడదు, ఆగాలి. వాడు డబ్బా నా చేతికిచ్చినా, 'ఊఁ' అన్నా చాలు. 'తియ్యి' అని ఆ మాట వాడి తరఫున నేనంటాను, తీస్తాను, ఇంకొకటి ఇస్తాను. మళ్ళీ మూత బిగిస్తాను. ఒక్క డబ్బాతో పదిసార్లు మాటకి చోటు దొరుకుతుంది. బుడగల సీసాతో చెయ్యొచ్చు, ఉయ్యాలతో చెయ్యొచ్చు. ఊపుతూ ఊపుతూ ఠక్కున ఆపెయ్యడమే. ఇది చూడ్డానికి ఆటలా ఉంటుంది. ఎప్పుడు ఆగాలో, ఎంత ఆగాలో, వాడు విసిగిపోయేలోపు ఎప్పుడు ఇచ్చెయ్యాలో, అదే నేర్చుకోవాల్సిన పని.

పెదనాన్న: నేను మాత్రం వాణ్ణి కూర్చోబెట్టి బొమ్మల పుస్తకం తీసి 'ఇదేంటి? అదేంటి? చెప్పు' అని రోజూ అడుగుతా.

అమ్మాయి: అది పరీక్ష పెదనాన్నా. ముప్ఫై ఏళ్ళు పెట్టారుగా, ఇక చాలు. జవాబు రానివాణ్ణి ప్రశ్నలడిగితే ఏం చేస్తాడు? పుస్తకం మూసేస్తాడు. మీరే చెప్పండి. 'కుక్క. కుక్క పరిగెడుతోంది. భౌ భౌ!' అని ఊరుకోండి. వాడు 'తుత్త' అంటే తప్పని దిద్దొద్దు, 'ఔను, కుక్క, నల్ల కుక్క' అని సరైన మాటతో ఒక మాట కలిపి తిరిగివ్వండి. క అనబోయి త అనడం ఆ వయసులో లోపం కాదు.

పెదనాన్న: చూశావా, ఇందులో యంత్రం లేదు, మందు లేదు. ఇవన్నీ మా అమ్మ చేసింది. దీనికి నాలుగేళ్ళ డిగ్రీ ఎందుకు?

అమ్మాయి: మీ అమ్మగారు మీకు చేశారు. మీ చెవి పనిచేసింది, చూపు కలిసింది, మాట వచ్చింది. ఎలా చేసినా వచ్చే పిల్లలకి ఎలా చేసినా వస్తుంది. డిగ్రీ అవసరమయ్యేది రానివాళ్ళ దగ్గర. ఈ పిల్లాడు మాట్లాడనిది వినపడకనా, అర్థం కాకనా, అర్థమై నోరు తిరగకనా, అసలు ఇంకొకరితో చెప్పాలన్న ఊహే ఇంకా కలగకనా? పైకి నాలుగూ ఒకేలా ఉంటాయి. నాలుగింటికీ చేసే పని వేరు. ఇంకొకటి కూడా ఉంది. చెవి బాగుంటుంది, తెలివి బాగుంటుంది, ఆటిజం లేదు, అయినా భాష పట్టుబడదు. డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు. ఇంగ్లండులో చేసిన లెక్కలో వందకి ఏడుగురు తేలారు. మీ క్లాసులో అరవై మంది ఉంటే అందులో నలుగురు. 'మొద్దు' అనిపించుకుని ఏడో తరగతితో మానేసినవాళ్ళలో వాళ్ళుంటారు.

పెదనాన్న: అరవై మందిని ఒక్కడి ముందు కూర్చోబెట్టి, వాళ్ళలో నలుగుర్ని గుర్తుపట్టలేదేమయ్యా అంటే ఎలాగమ్మా? మాకు ట్రెయినింగులో ఎవడైనా ఈ ముక్క చెప్పాడా?

అమ్మాయి: చెప్పలేదు. అది మీ తప్పని నేననలేదు.

పెదనాన్న: సరే, దాన్నలా ఉంచు. భాష సంగతి తేల్చు. క్లినిక్కు పిల్ల 'ఇంట్లో రెండు భాషలొద్దు, పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతాడు, ఇంగ్లీషొక్కటే మాట్లాడండి' అందిట. అప్పట్నుంచి నా కొడుకు నన్ను కూడా మనవడితో తెలుగులో మాట్లాడొద్దంటాడు. నాతో! తెలుగు పంతులుతో!

అమ్మాయి: అది అచ్చంగా తప్పు సలహా. రెండు భాషలు వింటే మాట ఆలస్యం కాదు. ఆటిజం ఉన్న పిల్లలు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు కూడా రెండు భాషలు నేర్చుకుంటున్నారు. అసలు అన్నయ్యా వదినా ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషు ఎంత? 'కమ్, సిట్, ఈట్, నో' దాటదు. అదే అన్నం పెడుతూ తెలుగులో అయితే, 'ఇదిగో పప్పు, అమ్మో వేడి, ఊదు ఊదు, ఉఫ్, చల్లారింది, ఆఁ పెట్టు' అని ఎవరూ నేర్పకుండానే వస్తుంది. పిల్లాడికి కావాల్సింది ఆ ధార. ఏ భాషలో మీకు నవ్వు, కోపం, గారాబం తడుముకోకుండా వస్తాయో ఆ భాషలో మాట్లాడాలి. డల్లాస్‌లో అక్క కూతురు మాట్లాడలేదని గోల చేశారు గుర్తుందా? అక్కడ థెరపిస్టు ఇంటికే వచ్చేది. సోఫా మీద అక్క పక్కన కూర్చుని, 'నీ భాషలోనే మాట్లాడు' అని చెప్పింది. మూడేళ్ళలోపు పిల్లలకి సాయం అందాలని వాళ్ళకి 1986 నుంచి చట్టముంది. రాసే ప్లాను కూడా పిల్లాడొక్కడి పేరున ఉండదు, కుటుంబానికి రాస్తారు.

పెదనాన్న: అక్కడ గవర్నమెంటు ఇంటికి పంపింది. ఇక్కడ నువ్వు చెప్పే పనంతా ఎవరి నెత్తిన పడుతుంది? మా కోడలి నెత్తిన. అందుకే, అది ఒక ఏడాది ఉద్యోగం మానేస్తే సరిపోతుందంటా నేను.

అమ్మాయి: అన్నయ్య మానకూడదా?

పెదనాన్న: ...

అమ్మాయి: ఈ మాట విని విని నాకు విసుగొచ్చేసింది పెదనాన్నా. పిల్లాడు మాట్లాడకపోతే తల్లి ఉద్యోగం వల్ల, తల్లి ఫోను వల్ల, కడుపుతో ఉండగా తల్లి ఏడవడం వల్ల. ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో బెటల్‌హైమ్ అనే ఆయన 1967లో పెద్ద పుస్తకమే రాశాడు, తల్లికి మనసులో ప్రేమ లేకపోవడం వల్లే ఆటిజం వస్తుందని. ఒక తరం తల్లుల్ని ఆ మాట కాల్చుకు తింది. అది శుద్ధ తప్పని తేలి ఎన్నేళ్ళయిందో! ఫోను వల్ల ఆటిజం వస్తుందన్న రుజువు కూడా లేదు. రెండేళ్ళలోపు ఫోను, టీవీ వద్దని, ఆ తర్వాత నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది నిజం. దాన్ని పట్టుకుని వదినని బోనులో నిలబెట్టక్కర్లేదు.

పెదనాన్న: కోప్పడకు. అయితే నేనూ ఒకటంటా, విను. తల్లిని నిందించొద్దంటావు. మళ్ళీ పని తల్లికే అప్పజెబుతావు. మీవాళ్ళు 'హోమ్ ప్రోగ్రామ్' అని కాగితం చేతిలో పెట్టి పంపిస్తారు. అందులో పది పనులుంటాయి. చెయ్యకపోతే పై వారం 'మీరు ఇంట్లో ప్రాక్టీసు చేయించడం లేదు' అంటారు. ఇది నింద కాదా? కాస్త మర్యాదగా చేసే నింద.

(ఈ దెబ్బ తగిలింది. ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నాకూ ఇందులో పెద్దాయనదే సబబనిపించింది.)

అమ్మాయి: అవును, జరుగుతుంది. నేను కాగితాలివ్వడం మానేశాను. ఒక్క పని చెబుతాను, అదీ వాళ్ళు రోజూ ఎలాగూ చేసేదాంట్లో. స్నానం చేయించే తండ్రికి, చెంబుతో నీళ్ళు పోసే ముందు ఆగమంటాను. బట్టలు మడతపెట్టే నాయనమ్మకి, ఒక్కో చొక్కా ఎవరిదో అనుకుంటూ మడవమంటాను. కొత్తగా గంట కేటాయించమని అడగను. అయినా భారం భారమే. అది తగ్గాలంటే ఇంట్లో ఇంకో ఇద్దరు నేర్చుకోవాలి. అందుకే మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నా. నా గదిలో తాతలకీ కుర్చీ ఉంది.

పెదనాన్న: నీ గది ఫీజు కట్టలేనివాడి మాటేమిటి? మన ఊళ్ళో ఆటో తోలేవాడి పిల్లాడికి?

అమ్మాయి: కాగితం మీద ఏర్పాటుంది. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అదే ఆర్‌బీఎస్‌కే నడుస్తోంది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లలందరికీ. డాక్టర్ల బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్ళు చూసే ముప్ఫై సమస్యల్లో వినికిడి, మాట ఆలస్యం ఉన్నాయి. అనుమానముంటే జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీకి, అంటే డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపాలి. అక్కడ ఆడియాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు ఉండాలి. బడి వయసొస్తే మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. 2016 దివ్యాంగుల చట్టంలోని ఇరవై ఒక్క వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఒకటి, సదరం వైకల్య సర్టిఫికెట్ ఇస్తారు. వినికిడి పూర్తిగా లేని పిల్లలకి ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు చేశారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ సంస్థ వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది.

పెదనాన్న: ఉండాలి, రావాలి, పంపాలి. ప్రభుత్వ వ్యాకరణంలో విధ్యర్థకాలకి లోటు లేదు. ఉన్నాయా అని అడుగుతున్నా.

అమ్మాయి: కొన్నిచోట్ల ఉన్నాయి, బాగానే చేస్తారు. కొన్నిచోట్ల పోస్టు ఖాళీ, మెషీన్ బీరువాలో. ఇంప్లాంట్ ఆపరేషనైపోగానే ఇక అంతా అయిపోయిందనుకుని ఊరెళ్ళిపోయిన కుటుంబాల్ని నేనే చూశా. మెషీను శబ్దాన్నిస్తుంది, భాషనివ్వదు. తర్వాత నెలల తరబడి వినడం నేర్పాలి, దానికి వారం వారం బస్సెక్కి రావాలి. కూలి పోతుంది. చార్జీలెవరిస్తారు? ఆపరేషన్‌కి లక్షలిచ్చిన ప్రభుత్వం బస్సు చార్జీ దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆ లక్షలు వృథా. దీనికి నా దగ్గర జవాబు లేదు.

పెదనాన్న: ఆ ఖాళీలోకే కదా ఈ ప్యాకేజీల వాళ్ళొచ్చింది. మా కొడుక్కి ఎవడో స్టెమ్ సెల్ ఇంజెక్షను కూడా చెప్పాడు. ఐదారు లక్షలట.

అమ్మాయి: ఆ గుమ్మం తొక్కొద్దనండి. ఆటిజానికి స్టెమ్ సెల్ వైద్యం సిఫార్సు చెయ్యకూడదని జాతీయ వైద్య కమిషనే 2022లో తేల్చేసింది. ఎవరి దగ్గరికెళ్ళినా ముందు మూడడగండి. మొదటిది, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అదే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు. 1992 చట్టం ప్రకారం అది లేకుండా ఈ పని చెయ్యకూడదు. రెండు, నేనూ లోపల కూర్చోవచ్చా అని. మూడు, వచ్చే మూడు నెలల్లో ఏం సాధిద్దామనుకుంటున్నారో రాసివ్వమని. 'ఇంప్రూవ్ అవుతాడు' అంటే కుదరదు. 'కావలసినదాన్ని వేలితో చూపిస్తాడు, ఐదు మాటలు తనంతట తనే వాడతాడు' అని రాయాలి. రెండోదానికి కాదంటే లేచి వచ్చెయ్యండి.

పెదనాన్న: చివరికి నా ఆరు నెలల సంగతి?

అమ్మాయి: తీసుకురండి. అన్నయ్యో వదినో వెంట ఉంటేనే. అమ్మానాన్నల నుంచి విడదీసి తెచ్చి మీరు నేర్పితే, తిరిగెళ్ళాక వాళ్ళు వాడికి కొత్తవాళ్ళవుతారు. ఇద్దరికీ ఇంటినుంచి పని దొరికితే నెల చొప్పున పంచుకోమనండి. వారానికోసారి గుంటూరు తీసుకురావాలి. పెద్దమ్మా మీరూ ఇద్దరూ రావాలి.

పెదనాన్న: చెవి బాగుంటే గుంటూరు అక్కర్లేదనే నా మాట. నెల చూస్తా. మాట రాకపోతే అప్పుడొస్తాం.

అమ్మాయి: నెల కాదు, వారం కూడా ఒప్పుకోను. వేలు చూపించట్లేదని మీరే చెప్పారు.

గుంటూరు విషయంలో ఇద్దరికీ ఇప్పటికీ కుదరలేదు. బేరాకి మాత్రం పెద్దాయన ఆ రోజే కొడుక్కి ఫోన్ చేశారు. ఈ సంవాదం చదివినవాళ్ళు ఎవరి పక్షమైనా వహించండి. మీ ఇంట్లో రెండో పుట్టినరోజు దాటి, సొంతంగా రెండు మాటలు కలపని బిడ్డ ఉంటే, మీ జిల్లాలో డీఈఐసీ ఎక్కడుందో అంగన్‌వాడీ టీచర్నో, ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో ఈ వారమే అడగండి. అక్కడ పరీక్షకి డబ్బు కట్టక్కర్లేదు. స్పీచ్ థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉందని చెబితే, ఖాళీగా ఉందన్న సంగతి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకో, ప్రజావాణికో కాగితం మీద రాసివ్వండి.